ఈఈజీ లేని కాలంలో మూర్ఛను వైద్యులు ఎలా గుర్తుపట్టారు, ఏ మందులిచ్చారు?

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. ప్రాచీన కాలపు వైద్యులు మూర్ఛను దయ్యం పట్టడంగానే చూశారా, లేక రోగంగా గుర్తించారా అన్నది మొదటిది. గుర్తించి ఉంటే స్కానింగు, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) వంటివేవీ లేకుండా దాన్ని ఇతర వ్యాధుల నుంచి ఎలా వేరు చేయగలిగారన్నది రెండవది. వారి చికిత్సల్లో నిజంగా పనిచేసినవి ఏమైనా ఉన్నాయా అన్నది మూడవది. వీటికి తోడు, మీ బంధువులలో ఒకరికి ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టగానే ఆగిపోవడం కళ్లారా చూశానని, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పమని చివర రాశారు. ముప్పై ఏళ్లకు పైగా నాడీవ్యాధుల వైద్యుడిగా పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా పాత వైద్యగ్రంథాలు తిరగేసే అలవాటున్న మనిషిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: రోగాన్ని గుర్తించడంలో ఆ వైద్యులు మనం ఊహించేదానికన్నా చాలా ముందున్నారు, దాన్ని తగ్గించడంలో మాత్రం 19వ శతాబ్దం నడుమ వరకూ దాదాపు ఎవరికీ ఏమీ చేతకాలేదు. ఈ రెండింటి మధ్య ఇంత దూరం ఎందుకు ఏర్పడిందన్నదే అసలు ఆసక్తికరమైన విషయం.

దయ్యం పట్టడం, రోగం కావడం అనే రెండూ ఒకదానికొకటి విరుద్ధమని మనం అనుకుంటాం. బాబిలోనియా వైద్యులకు అలాంటి విరోధం లేదు. క్రీ.పూ. 11వ శతాబ్దంలో ఎసగిల్-కిన్-అప్లి అనే పండితుడు 40 మట్టిపలకల రోగనిర్ధారణ గ్రంథాన్ని కూర్చాడు. సకిక్కు అని పిలిచే ఆ గ్రంథంలో ఒక పలక పూర్తిగా పడిపోయే జబ్బుకే కేటాయించినది, దాని ప్రతి ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కూర్చుని ఉన్న మనిషికి ఒక కన్ను పక్కకు తిరిగి, పెదవి ముడుచుకుని, చొంగ కారుతూ, ఒకవైపు చెయ్యి, కాలు, మొండెం అప్పుడే కోసిన గొర్రెలా కొట్టుకుంటే అది మిక్తు అని అందులో ఉంది. మిక్తు అంటే పడిపోవడం. ఆ వెంటనే మరో మాట ఉంది: పట్టు వచ్చిన సమయంలో మనిషికి తెలివి ఉంటే ఆ భూతాన్ని వెళ్లగొట్టవచ్చు, తెలివి లేకపోతే వెళ్లగొట్టడం కుదరదు. ఇందులో భూతాన్ని పక్కన పెట్టి చూడండి. శరీరంలో ఒక పక్కనే మొదలయ్యే ఫిట్స్‌ను, ఆ సమయంలో రోగికి స్పృహ నిలిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి రెండుగా విడదీయడం అంతర్జాతీయ మూర్ఛవ్యాధి సంఘం 2017లో ప్రకటించిన వర్గీకరణలోనూ ముఖ్యమైన మెట్టు. కారణం దగ్గర వారు భూతం దగ్గరే ఆగిపోయినా, చూపు దగ్గర మాత్రం ఏ లోపమూ లేదు. బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనంలో కూడా, కొన్న బానిసకు నెలలోపు బెన్ను అనే జబ్బు బయటపడితే అమ్మినవాడికి తిప్పి ఇచ్చి సొమ్ము వెనక్కు తీసుకోవచ్చన్న నిబంధన కనిపిస్తుంది. బెన్ను అంటే మూర్ఛేనని చాలామంది పండితుల అభిప్రాయం. జబ్బు అప్పుడప్పుడు మాత్రమే బయటపడుతుందనీ, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మనిషిలో దాగి ఉండగలదనీ తెలిసినవారే అలాంటి గడువు పెట్టగలరు.

గ్రీకుల దగ్గరికి వస్తే, క్రీ.పూ. 400 ప్రాంతంలో హిపోక్రటీసు సంప్రదాయానికి చెందిన ఒక వైద్యుడు, పవిత్రవ్యాధి అని జనం పిలిచే ఈ రోగం మిగతా రోగాలకన్నా దైవికమేమీ కాదని, దీని మూలం మెదడులో ఉందని ఒక గ్రంథంలో వాదించాడు. ఈ మాట చాలాచోట్ల ఉటంకిస్తారు కానీ, ఆయన వాదించిన తీరును ఎవరూ చెప్పరు, అందులోనే సొగసు ఉంది. ఆ కాలపు మంత్రగాళ్లు రోగి మేకలా అరిస్తే ఒక దేవత, గుర్రంలా గట్టిగా కేకపెడితే సముద్రదేవుడు పొసైడాన్, నురగ కక్కుతూ కాళ్లు తన్నుకుంటే యుద్ధదేవుడు ఆరెస్ అని లెక్కలు కట్టి, నల్లబట్ట కట్టకూడదు, మేకతోలు మీద పడుకోకూడదు, మేకమాంసం తినకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు అని నియమాలు పెట్టేవారట. మేకతోలుతోనూ మేకమాంసంతోనూ ఈ రోగం వచ్చేదైతే, మేకల మీదే బతుకుతూ వాటి తోళ్లే కప్పుకునే లిబియా ప్రజల్లో ఒక్కడూ ఆరోగ్యంగా ఉండకూడదు కదా అని ఆయన అడిగాడు. రోగి తగ్గితే తమ గొప్ప, చస్తే దేవుడి తప్పు అని చెప్పుకునే ఏర్పాటు అది అని కూడా తేల్చేశాడు.

ఆయన చూపించిన రుజువు మరీ ముచ్చటైనది. ఈ జబ్బు మనుషులకే కాదు, మేకలకు ఎక్కువగా వస్తుందని, అలాంటి మేక తల పగలగొట్టి చూస్తే మెదడు తడిసి, నీరు నిండి, దుర్వాసన కొడుతూ ఉంటుందని రాశాడు. మేకల్లో, గొర్రెల్లో బద్దెపురుగు పిల్లలు మెదడులో చేరి నీటిబుడగల వంటి తిత్తులు కట్టడం, ఆ జంతువు తూలుతూ ఒకే వైపు గుండ్రంగా తిరగడం నేటి పశువైద్యులకు బాగా తెలిసిన సంగతి. మన గొర్రెల కాపరులు కూడా చూసే ఉంటారు. ఆ గ్రీకు వైద్యుడు చూసింది అదే కావచ్చునని కొందరు చరిత్రకారుల ఊహ. నాకు ఇది చదివినప్పుడల్లా మా ఓపీ గుర్తుకు వస్తుంది, ఎందుకంటే మన దేశంలో పెద్ద వయసులో కొత్తగా ఫిట్స్ మొదలైనవారికి స్కానింగు తీస్తే, పందుల ద్వారా వ్యాపించే మరో రకం బద్దెపురుగు తిత్తి మెదడులో కనిపించడం చాలా మామూలు.

కారణం విషయంలో ఆయన చెప్పినదాన్ని మాత్రం నెత్తిన పెట్టుకోనవసరం లేదు. మెదడు నుంచి చల్లని శ్లేష్మం రక్తనాళాల్లోకి దిగి, వాటిలో తిరిగే గాలిని అడ్డుకుంటే మాట పడిపోతుందని, చేతులు వంకర్లు తిరుగుతాయని, నురగ వస్తుందని ఆయన సిద్ధాంతం. చోటు సరిగ్గా చెప్పాడు, యంత్రాంగం పూర్తిగా తప్పు చెప్పాడు. శ్లేష్మమే కారణమని నమ్మినప్పుడు దాన్ని కక్కించడం, కరిగించడం, ఎండబెట్టడం తప్ప వేరే చికిత్స తోచదు. తరువాతి రెండు వేల ఏళ్లూ ఐరోపాలో చికిత్స ఆ గాడిలోనే నడిచింది.

ఇక మీ రెండవ ప్రశ్న, అంటే ఎలా గుర్తుపట్టారన్నది. నా దృష్టిలో దీనికి సమాధానం చాలా సులభం: వారు అడిగేవారు. పడిపోయినప్పుడు పక్కనున్నవారిని, పడిపోవడానికి ముందు ఏమైందో రోగినే అడిగేవారు. మూర్ఛవ్యాధి ఒక విచిత్రమైన జబ్బు, వైద్యుడి ఎదుటికి రోగి వచ్చేసరికి జబ్బు ఉండదు. నేటికీ నిర్ధారణలో సింహభాగం ఆ రెండు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంది. ఈఈజీ మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేము. నా దగ్గరికి రోగిని ఒంటరిగా పంపి, పడిపోయినప్పుడు చూసిన మనిషిని ఇంట్లో వదిలి వచ్చిన కుటుంబాలను నేను ఎన్నిసార్లు వెనక్కి పంపానో లెక్కలేదు.

క్రీ.శ. 2వ శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు ఒక 13 ఏళ్ల పిల్లవాడి గురించి రాశాడు. తనకు జబ్బు పిక్క దగ్గర మొదలై, తొడ, గజ్జ, పక్కటెముకలు, మెడ మీదుగా నిటారుగా పైకెక్కి తలను తాకుతుందని, తలను తాకాక తనకేమీ తెలియదని ఆ పిల్లవాడు చెప్పాడు. పైకెక్కేది ఎలా ఉంటుందని వైద్యులు అడిగితే చెప్పలేకపోయాడు. అదే జబ్బున్న మరో యువకుడు మాత్రం, తన అనుభవాన్ని గమనించగల తెలివైనవాడు కావడం చేత, అది చల్లని పిల్లగాలిలా ఉంటుందని చెప్పాడు. గ్రీకులో పిల్లగాలిని ఆరా అంటారు. ఫిట్స్‌కు ముందు రోగికి కలిగే అనుభూతిని ప్రపంచమంతటా వైద్యులు నేటికీ ఆరా అనే పిలుస్తారు, అంటే పేరు కూడా తెలియని ఒక రోగి నోటి మాట పద్ధెనిమిది వందల ఏళ్లకు పైగా వైద్యపరిభాషలో నిలిచిపోయింది.

ఇదే పద్ధతి మన సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలోనూ కనిపిస్తుంది. అక్కడ అపస్మార (అంటే మూర్ఛ) భేదాలను రోగి చెప్పే మాటలతోనే వేరు చేశారు. వికారమైన నల్లని ఆకారం ఒకటి నన్ను తరుముకొస్తుంది, ఆ తరువాత నాకు తెలివి తప్పుతుంది అని రోగి అంటే అది వాతజం. ఆ ఆకారం పసుపుపచ్చగా ఉందంటే పిత్తజం, తెల్లగా ఉందంటే కఫజం. రంగును బట్టి దోషాన్ని నిర్ణయించడం సిద్ధాంతం కోసం చేసిన సర్దుబాటే. కానీ పడిపోవడానికి ముందు కొందరికి ఏదో కనిపిస్తుందని, అది ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటుందని గమనించడం మాత్రం రోగిని ఓపికగా విన్నవారికే సాధ్యం. ఇంచుమించు గేలెన్ కాలానికే చెందిన అరెటయస్ అనే వైద్యుడు, పడబోయే ముందు ఊదా లేదా నల్లని వెలుగులు, లేదా అన్నీ కలిసి ఇంద్రధనుస్సులాంటి రంగులు కనిపిస్తాయని, చెవుల్లో హోరు వస్తుందని, దుర్వాసన తగులుతుందని రాశాడు. చరకసంహిత నిదానస్థానంలోని పూర్వరూపాల్లో, అంటే జబ్బుకు ముందు కనిపించే లక్షణాల్లో, లేని శబ్దాలు వినిపించడం, కనుబొమలు ముడిపడడం, కళ్లు వికృతంగా తిరగడం, నోట నీరూరడం ఉన్నాయి. వెలుగులు మెదడు వెనుకభాగం నుంచి, దుర్వాసన, శబ్దం కణత లోపలి భాగాల నుంచి పుడతాయని నేడు మనకు తెలుసు. వారికి అది తెలియదు, కానీ మెదడు పటం గీయడానికి కావలసిన సమాచారమంతా వారి గ్రంథాల్లో పోగుపడి ఉంది.

చరకుడు అపస్మారానికి ఇచ్చిన నిర్వచనం నాకు ఏ ఆధునిక పాఠ్యపుస్తకం కన్నా తక్కువగా అనిపించదు. స్మృతి, బుద్ధి, సత్త్వం చెదిరి, బీభత్సమైన చేష్టలతో, ఆవస్థికంగా చీకటిలోకి ప్రవేశించడం అన్నాడు. ఇందులో ఆవస్థికం అన్న మాట కీలకం. అంటే ఎల్లప్పుడూ ఉండేది కాదు, వచ్చి పోయేది. ఉన్మాదానికీ దీనికీ ఆ ఒక్క మాటతో గీత గీశాడు. పదిహేను రోజులకో, పన్నెండు రోజులకో, నెలకో దోషాలు కోపించి కొద్దిసేపు వేగాన్ని కలిగిస్తాయని కూడా అన్నాడు. కారణం లేకుండా వచ్చి, ఏ చికిత్సా చేయకుండానే పోతుంది కనుక ఇది దోషాల వల్ల వచ్చేది కాదని వాదించేవారు ఆనాడే ఉన్నారు. సుశ్రుతసంహిత ఆ వాదాన్ని దాచకుండా ముందు పెట్టి, వాన కురిసినా కొన్ని విత్తనాలు వెంటనే మొలవక శరత్కాలంలో మొలిచినట్టు, దోషాలు లోపలే ఉండి తమ సమయం వచ్చినప్పుడు బయటపడతాయని జవాబు చెప్పింది. మెదడులో మచ్చ ఎప్పుడూ ఉన్నా ఫిట్స్ ఎప్పుడో ఒకసారే ఎందుకు వస్తాయని నా రోగులు అడిగినప్పుడు నేను కూడా దాదాపు ఆ విత్తనం ఉపమానమే చెబుతాను.

మన ఆయుర్వేదం మూర్ఛ మెదడుకు సంబంధించినదని ముందే చెప్పిందా అన్న ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. సూటిగా చెప్పాలంటే, చరక సుశ్రుతులు చైతన్యానికి స్థానంగా ప్రధానంగా చెప్పింది హృదయాన్ని. ఇంద్రియాలన్నిటికీ పైనున్న మనస్సు తలకూ అంగిలికీ మధ్య ఉంటుందని స్పష్టంగా అన్నది భేలసంహిత. ఆ గ్రంథం మనకు దక్కడం వెనుక తెలుగువారికి సంబంధించిన ఒక ముచ్చట ఉంది: తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు లిపిలో రాసిన అసంపూర్ణమైన ప్రతి ఒకటి మిగలడం వల్లనే అది వెలుగులోకి వచ్చి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా అచ్చయింది. అయితే భేలుడి మాట తరువాతి చికిత్సను మార్చలేదు, కనుక దాన్ని ఆధారం చేసుకుని గొప్పలు చెప్పుకోవడం నాకు సమంజసంగా తోచదు.

ఇతర వ్యాధుల నుంచి వేరు చేయడంలో వారి ప్రతిభ అన్నిటికన్నా బాగా కనిపించేది ధనుర్వాతం విషయంలో. దేహం బిగుసుకోవడం, ఎగిసిపడడం రెంటిలోనూ ఉన్నా, ధనుర్వాతంలో రోగికి చివరి వరకూ తెలివి ఉంటుంది, దవడ పట్టేస్తుంది, వెన్ను విల్లులా వంగుతుంది. సుశ్రుతుడు దీన్ని అపస్మారంతో కలపకుండా వాతవ్యాధుల్లో చేర్చి, లోపలికి వంగేదాన్ని, వెలుపలికి వంగేదాన్ని వేరువేరుగా వర్ణించి, గర్భపాతం వల్ల, అధిక రక్తస్రావం వల్ల, దెబ్బ తగలడం వల్ల వచ్చిన అపతానకం (దేహాన్ని బిగదీసే ఈడ్పు) నయం కాదని చెప్పాడు. గాయం తరువాత వచ్చే ఈడ్పు ప్రాణాంతకమని, ధనుర్వాతం వచ్చినవారు నాలుగు రోజుల్లో చనిపోతారని, ఆ నాలుగు రోజులు దాటితే బతుకుతారని హిపోక్రటీసు సూత్రాల్లో ఉంది. గాయాన్నీ గర్భస్రావాన్నీ ఒకే గాటన కట్టడం అరెటయస్‌లోనూ కనిపిస్తుంది. మట్టిలో ఉండే ఒక క్రిమి ధనుర్వాతాన్ని తెస్తుందని 1884లో నికొలయ్యర్ అనే జర్మన్ వైద్యుడు గమనించి, 1889లో కితసాటో అనే జపాన్ శాస్త్రవేత్త ఆ క్రిమిని విడిగా పెంచేదాకా గాయానికీ, శుభ్రత లేని కాన్పుకూ, గర్భస్రావానికీ ఉన్న సంబంధం ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. కానీ సంబంధం ఉందని మాత్రం మంచం పక్కన కూర్చున్న వైద్యులకు తెలుసు. కాన్పు సమయంలో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్ కూడా ఆ అపతానకంలో కొంత కలిసిపోయి ఉండవచ్చునని నాకనిపిస్తుంది, కానీ గాయం మాట ధనుర్వాతాన్నే చూపుతుంది.

హిపోక్రటీసు సూత్రాల్లోనే, జ్వరం మీద ఈడ్పు రావడం కన్నా ఈడ్పు మీద జ్వరం రావడం మేలు అని మరొకటి ఉంది. ఇప్పటి తల్లిదండ్రులు దీన్ని చదివి కంగారు పడనవసరం లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జ్వరంలో వచ్చే ఫిట్స్ చాలావరకు హాని చేయవు. మెదడువాపు, మలేరియా వంటివాటికి మందే లేని రోజుల్లో, జ్వరం మీద ఈడ్పు అంటే ఎక్కువగా చావుకబురే కనుక వారు అలా అన్నారు.

నిర్ధారణ కోర్టుకెక్కిన సందర్భం కూడా ఒకటి ఉంది. క్రీ.శ. 158 ప్రాంతంలో, నేటి లిబియాలోని సబ్రతా పట్టణంలో, అపులేయస్ అనే రచయిత మీద మంత్రవిద్య నేరం మోపారు. థాలస్ అనే బానిస పిల్లవాడిని మంత్రంతో పడగొట్టాడన్నది ఆరోపణల్లో ఒకటి. ఆ పిల్లవాడు రోజుకు మూడు నాలుగు సార్లు ఏ మంత్రమూ లేకుండానే పడిపోతాడని, ముఖమంతా పుండ్లని, నుదుటి మీద దెబ్బలని, అంటుకుంటుందన్న భయంతో తోటి బానిసలెవరూ వాడితో ఒకే పళ్లెంలో తినరని అపులేయస్ వాదించాడు. వీడిని మంత్రంతో పడగొట్టడం కాదు, పడకుండా నిలబెట్టగలిగితే అదే గొప్ప మంత్రమన్న ధోరణిలో సాగుతుంది ఆ వాదన. ఒక వైద్యుడు తన దగ్గరికి తీసుకువచ్చిన ఇలాంటి జబ్బుమనిషిని, చెవుల్లో హోరు ఏ పక్క ఎక్కువ అని అడిగానని, కుడిపక్క అని ఆమె చెప్పిందని కూడా ఆయన ఒప్పుకున్నాడు. ప్రత్యర్థులకు మంత్రంగా కనిపించినది నిజానికి రోగచరిత్ర తీసుకోవడమే. బానిసలను కొనేటప్పుడు నల్లని గగాటీస్ రాయిని కాల్చి ఆ పొగతోనూ, కుమ్మరి చక్రం తిప్పి చూపించీ ఈ జబ్బును బయటపెట్టవచ్చన్న సంగతి కూడా ఆ ప్రసంగంలోనే ఉంది. ఆ పొగ పరీక్షకు నాకు విలువేమీ కనిపించదు. చక్రం సంగతి వేరు. మినుకుమినుకుమనే కాంతి కొద్దిమంది రోగుల్లో ఫిట్స్ రప్పిస్తుంది, ఈఈజీ గదిలో మేము రోగి కళ్ల ముందు దీపాన్ని వేగంగా మిణకరించి చూసేది అందుకే. ఎండలో తిరిగే చక్రం ఆ కొద్దిమందిని పట్టివ్వగలదు, మిగతావారిని పట్టివ్వలేదు.

చికిత్సల గురించి ఇంత ఆప్యాయంగా రాయలేను. రోమ్‌లో చచ్చిన గ్లేడియేటర్ (జనం ముందు బరిలో పోరాడే యోధుడు) వెచ్చని రక్తం తాగిన రోగులున్నారు. అంత దారుణమైన మందును అంతకన్నా దారుణమైన జబ్బే భరించేలా చేసిందని సెల్సస్ అనే రచయిత బాధపడ్డాడు. ఏ మందూ పనిచేయనప్పుడు పుర్రెకు రంధ్రం చేయమని అరెటయస్ చెప్పాడు. మన సంహితలు వాతజానికి బస్తి (ఎనిమా), పిత్తజానికి విరేచనం, కఫజానికి వమనం (కక్కించడం) ముందు చేయించి, ఆ తరువాత పంచగవ్య ఘృతం, బ్రాహ్మీ ఘృతం వంటి మందు నేతులు ఇవ్వమన్నాయి. పడి ఉన్న రోగికి ముక్కులో వేసే ఘాటైన నస్యాలు, కాటుకలు, ధూపాలు వాడమన్నాయి. వీటిలో ఏదీ ఫిట్స్‌ను ఆపుతుందని నేటి మందులను పరీక్షించే పద్ధతిలో నిరూపితం కాలేదు, కనుక వైద్యుడు రాసిన మాత్రలు మానేసి వీటిని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. మాత్రలు హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

ఒక్క సలహాను మాత్రం నేను ప్రతి రోగికీ చరకుడి పేరు చెప్పి మరీ ఇస్తాను. అపస్మార రోగిని నీళ్ల నుంచి, నిప్పు నుంచి, చెట్ల నుంచి, కొండల నుంచి, ఎగుడుదిగుడు చోట్ల నుంచి ఎల్లప్పుడూ కాపాడాలి, అవి అప్పటికప్పుడు ప్రాణం తీస్తాయి అని చికిత్సాస్థానంలో ఉంది. బావిలో పడినవారిని, పొయ్యిలో చెయ్యి పడి వేళ్లు పోగొట్టుకున్న ఆడవారిని, చెరువులో ఈతకు దిగి తిరిగిరాని పిల్లలను చూసిన ఏ వైద్యుడూ ఈ వాక్యాన్ని పాతదని తీసిపారేయలేడు. నేడు దానికి బండి నడపడం, స్నానాల గదికి లోపల గడియ పెట్టుకోవడం కలపాలి, అంతే.

కొంత పనిచేసిన మరో ఉపాయం కట్టు. గేలెన్ పిల్లవాడిలా జబ్బు కాలిలో మొదలై పైకెక్కేవారికి, మొదలైన చోటికి పైన గట్టిగా కట్టు కడితే కొన్నిసార్లు పట్టు అక్కడితో ఆగేది. గాలి పైకెక్కకుండా కట్టు అడ్డుకుందని వారనుకున్నారు. 19వ శతాబ్దంలో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు లండన్‌లో ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి గమనించి, ఎక్కేది కాలిలోని గాలి కాదని, మెదడు పైపొరలో కాలిని కదిలించే చోట మొదలైన అలజడి పక్కనున్న చోట్లకు పాకుతోందని తేల్చాడు. 1870లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు జర్మన్లు కుక్క మెదడు పైపొరకు కరెంటు తగిలించి ఎదురుపక్క కాళ్లు కదపగలిగారు, దాంతో జాక్సన్ ఊహకు ఊతం దొరికింది. మరి కట్టు ఎందుకు పనిచేసింది? చర్మం నుంచి, కండరం నుంచి గట్టిగా వెళ్లే సంకేతం మెదడులోని ఆ చిన్న చోటును కొద్దిసేపు సద్దుమణచగలదన్నదే ఇప్పటి వివరణ. మెదడంతా ఒకేసారి అంటుకునే రకంలో కట్టు వల్ల ఏ ఉపయోగమూ లేదు.

పనిచేయని మందులను తెలివైనవారు అన్ని శతాబ్దాలపాటు ఎలా నమ్మారన్నదానికి కూడా గేలెన్ దగ్గరే జవాబు ఉంది. పియనీ అనే మొక్క వేరును మెడలో కట్టుకున్న ఒక పిల్లవాడికి ఎనిమిది నెలలు ఫిట్స్ రాలేదు. ఒకరోజు తాయెత్తు జారిపోయింది, వెంటనే ఫిట్స్ వచ్చింది. మళ్లీ కట్టారు, తగ్గింది. గేలెన్ అంతటితో తృప్తిపడక, పరీక్షించడానికి తానే దాన్ని తీయించాడు, మళ్లీ ఫిట్స్ వచ్చింది. వేరు నుంచి రేణువులు ఊపిరితో లోపలికి పోయి పనిచేస్తున్నాయని వివరణ కూడా ఇచ్చాడు. తీసి చూడాలన్న ఆలోచన రావడం నిజంగా గొప్ప విషయమే. లోపించింది సంఖ్య. ఒకే రోగి, అందులోనూ ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, నెలలపాటు రాకుండా ఉండి, బాల్యంలో మొదలైన రకాల్లో కొన్ని వయసు పెరిగాక వాటంతటవే పోయే జబ్బు. అలాంటి జబ్బులో కాకి వాలడానికీ తాటిపండు రాలడానికీ ముడిపెట్టడం కన్నా సులువైనది లేదు.

వందమందికి ఇచ్చి లెక్క చూడడం అలవాటయ్యేదాకా దారి మారలేదు, అప్పుడు కూడా తొలి మందు తప్పుడు కారణంతోనే దొరికింది. 1857 మేలో లండన్‌లో జరిగిన ఒక వైద్యుల సమావేశంలో చార్లెస్ లోకాక్ అనే వైద్యుడు, నెలసరితో ముడిపడిన మూర్ఛ ఉన్న 15 మంది స్త్రీలలో 14 మందికి పొటాషియం బ్రోమైడ్‌తో తగ్గిందని చెప్పాడు. గర్భాశయపు ఉద్రేకాన్ని అది తగ్గిస్తుందన్నది ఆయన నమ్మకం. నమ్మకం నిలవలేదు, మందు నిలిచింది, మొద్దుబారిన మనసు, ఒంటినిండా కురుపులు దానికి చెల్లించిన మూల్యం. 1912లో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ ఫినోబార్బిటాల్‌ను, 1938లో మెరిట్, పుట్నమ్ అనే ఇద్దరు వైద్యులు ఫెనిటాయిన్‌ను తెచ్చారు. ముందుగా జంతువుల్లో విద్యుత్తుతో ఫిట్స్ పుట్టించి, దాన్ని ఏ పదార్థం ఆపుతుందో వరసగా వెతికి పట్టుకున్న మందు ఈ చివరిదే.

ఇక మీ తాళంచెవుల సంగతి. మామూలుగా ఒక ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. మనిషి పడిపోయాక ఇంట్లోవారు అరవడం, పరుగెత్తడం, గుత్తి వెతకడం, బిగుసుకున్న వేళ్లు విప్పి అందులో పెట్టడం పూర్తయ్యేసరికి దాదాపు ఆ సమయం గడిచిపోతుంది. మీరు చూసినది అబద్ధం కాదు, గుత్తి పెట్టాకే ఆగింది. కాకపోతే పెట్టకపోయినా అప్పటికే ఆగేది. ఈసారి అలా జరిగితే గుత్తి బదులు గడియారం చూడండి. నోట్లో ఏమీ కుక్కకుండా, చేతులు అదిమి పట్టుకోకుండా, తల కింద మెత్తనిదేదైనా పెట్టి, ఎగిసిపడడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా తెలివి రాకముందే రెండోసారి వస్తే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అక్కడ వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న ఎక్కడ మొదలైంది, ఎంతసేపు ఉంది అన్నదే కనుక, చూసిన మనిషి కూడా వెంట వెళ్లాలి.